ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ కొనాలా? కాళ్ల దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టండి

మియాపూర్‌లో మాది మూడో అంతస్తు. కొత్త కిట్ ఇంటికి తెచ్చిన నాలుగో రోజు కింద ఇంటి పిన్నిగారు లిఫ్ట్ దగ్గర ఆపి, "బాబూ, రోజూ రాత్రి ఏడింటికి రోట్లో ఏం దంచుతున్నారు?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగారు. నేనేమో హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వాయిస్తున్నాను. గదిలో వినిపించేదల్లా స్టిక్స్ ప్యాడ్ల మీద పడే చిన్న టపటపే. పక్క గదిలో పాప హోంవర్క్ చేసుకుంటుంటే ఆ పిల్లకే ఇబ్బంది లేదు. కింద అంతస్తుకి ఏం వినపడుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే పిన్నిగారిని అడిగి వాళ్ల హాల్లో కూర్చున్నాను. మా ఆవిడకి ఫోన్ చేసి ఒక్కో ప్యాడ్ కొట్టమన్నాను. స్నేర్ (మోకాళ్ల మధ్య ఉండే ముఖ్యమైన డ్రమ్) కొట్టింది, ఏమీ లేదు. టామ్స్ (చుట్టూ ఉండే మిగతా డ్రమ్స్) కొట్టింది, ఏమీ లేదు. కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) పెడల్ తొక్కగానే మాత్రం స్లాబ్‌లోంచి 'దబ్' అని దిగింది. వంటింట్లో స్టాండులో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. పిన్నిగారు నా మొహం చూసి, "ఇదేనయ్యా" అన్నారు.

ఎలక్ట్రానిక్ కిట్ అంటే చప్పుడు ఉండదని అనుకుంటాం. గాలిలో వెళ్లే చప్పుడు నిజంగానే చాలా తక్కువ. నేలలోంచి వెళ్లే అదురు వేరే సంగతి. పెడల్ తొక్కినప్పుడు దాని కొసనున్న సుత్తి లాంటి బీటర్ ప్యాడ్‌ని గుద్దుతుంది, ఆ దెబ్బ స్టాండులోంచి టైల్స్‌కి, టైల్స్‌లోంచి స్లాబ్‌కి వెళ్తుంది. అందుకే ఇంట్లో జామింగ్ (కలిసి సరదాగా వాయించుకోవడం) కోసం కిట్ చూస్తున్నామని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే మాట ఇదే: కిట్‌ని కింద నుంచి పైకి చూడండి. ముందు కిక్, తర్వాత హైహ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) పెడల్, ఆ తర్వాత స్నేర్. మాడ్యూల్లో (సౌండ్లు పలికించే పెట్టెలో) ఎన్ని వందల సౌండ్లున్నాయో అన్నిటికంటే ఆఖర్న చూడండి. షాపులో మాత్రం సరిగ్గా తలకిందులుగా చూపిస్తారు.

నేను డ్రమ్స్ నేర్చుకున్నది కాకినాడలో, మా చర్చిలో. పదిహేనేళ్ల వయసు నుంచి ప్రతి క్రిస్మస్‌కీ అక్కడ వాయించేవాణ్ని. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాక ఎనిమిదేళ్లు స్టిక్స్ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తమ్ముడు కీబోర్డు తీసుకుని వస్తాడు, ఆఫీసులో స్నేహితుడు గిటార్ తెస్తాడు, మూడు గంటలు జామ్ చేస్తాం. కింద రాసినవన్నీ ఆ అవసరానికి తగ్గట్టు రాసినవి. స్టేజీ మీద వాయించేవాళ్ల లెక్క వేరు.

డబ్బు ముందుగా పంచుకోండి

నేను పెట్టుకున్న హద్దు 40 వేలు, అన్నీ కలిపి. ఈ 'అన్నీ కలిపి' అన్న మాట మర్చిపోకండి. చాలా కిట్లలో పెట్టెలో స్టూలు ఉండదు, హెడ్‌ఫోన్స్ ఉండవు, కింద వేసుకునే మ్యాట్ ఉండదు. కొన్నింటిలో కిక్ పెడల్ కూడా ఉండదు. రోలాండ్ టీడీ-07కేవీ లాంటి పెద్ద ధర కిట్‌లో కూడా కిక్ ప్యాడ్ వస్తుంది గానీ దాన్ని తొక్కే పెడల్ విడిగా కొనుక్కోవాలి. కాబట్టి చేతిలో 40 ఉంటే కిట్‌కి 31, 32 దగ్గర ఆగండి. మిగిలింది స్టూలుకీ, హెడ్‌ఫోన్స్‌కీ, నేలకీ కావాలి.

స్టూలు విషయంలో నా మాట వినండి. డైనింగ్ టేబుల్ కుర్చీ మీద కూర్చుని నెల రోజులు వాయిస్తే నడుము పట్టేస్తుంది. కుర్చీ అంచు తొడ కింద ఒత్తుకుని కాలు బరువెక్కుతుంది, కిక్ ఆలస్యమవుతుంది. ఎత్తు సర్దుకోగల డ్రమ్ స్టూలే కొనండి, మామూలుదైనా ఫరవాలేదు.

కిక్: రెండు రకాలు, రెండు కష్టాలు

తక్కువ ధర కిట్లలో కిక్ రెండు రకాలుగా వస్తుంది. మొదటిది టవర్. నిలువుగా ఒక చిన్న ప్యాడ్ నిలబడి ఉంటుంది, దానికి మామూలు డ్రమ్ పెడల్ తగిలిస్తారు, బీటర్ వచ్చి గుద్దుతుంది. అలెసిస్ నైట్రో మెష్, నైట్రో మ్యాక్స్ ఈ రకం. కాలికి అసలు డ్రమ్ మీద ఉన్న అనుభూతే వస్తుంది. రేపు ఏ ఫంక్షన్లోనో నిజం కిట్ మీద కూర్చున్నా కాలు తడబడదు. కాకపోతే పిన్నిగారి గ్లాసులు మోగేది దీనితోనే.

రెండోది బీటర్ లేని పెడల్. కారు యాక్సిలరేటర్‌లా తొక్కడమే, లోపల సెన్సర్ పట్టుకుంటుంది. యమహా డీటీఎక్స్402కే కిట్‌లో వచ్చేది ఇదే. చప్పుడు బాగా తక్కువ. కానీ బీటర్ వెనక్కి ఎగిరి వచ్చే ఆ బరువు కాలికి తెలియదు. దీని మీదే నేర్చుకున్న కుర్రాళ్లు అసలు డ్రమ్స్ దగ్గరికొచ్చి మొదటి రోజు ఇబ్బంది పడటం మా చర్చిలోనే చూశాను.

ఎవరికి ఏది? కింద అంతస్తు లేని ఇల్లయితే, అంటే గ్రౌండ్ ఫ్లోర్ గానీ ఊళ్లో సొంతిల్లు గానీ అయితే, ఆలోచించకుండా టవర్ తీసుకోండి. ఇంతకు ముందు అసలు డ్రమ్స్ వాయించినవాళ్లకి కూడా టవరే నయం. పై అంతస్తులో అద్దెకుంటూ, కింద చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే బీటర్ లేనిది తీసుకోండి. రోజూ భయపడుతూ వాయించే కిట్ ఎంత మంచిదైనా మూలన పడుతుంది.

నేను టవరే ఉంచుకున్నాను, నేలని మార్చాను. విదేశాల్లో డ్రమ్మర్లు చాలాకాలంగా చేసే పద్ధతి ఇది, మన వీధి క్రికెట్ పుణ్యమా అని మనకి ఇంకా తేలిక: టెన్నిస్ బంతులు. 8 అడుగులు పొడుగు, 4 అడుగులు వెడల్పు ఉన్న 18 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒకటి కొని, సగానికి కోయిస్తే 4×4 పలకలు రెండొస్తాయి. రెండింటిలోనూ ఒకే చోట పడేలా 5 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రాలు పెట్టమని వడ్రంగికి చెప్పాలి. నేను 25 పెట్టించాను, వరుసకి ఐదు చొప్పున ఐదు వరుసలు. టెన్నిస్ బంతి అడ్డకొలత ఆరున్నర సెంటీమీటర్ల పైనే, కాబట్టి రంధ్రంలో కొంచెం దిగి కూర్చుంటుంది, కిందికి జారదు. కింద పలకలో బంతులు పేర్చి పైన రెండో పలక బోర్లించామంటే మధ్యలో నాలుగున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. పైన కార్పెట్ ముక్క, దాని మీద కిట్. రెండు పలకలూ ఎక్కడా ఒకదానికొకటి తగలకూడదు. పలక అంచు గోడకి కూడా ఆనకూడదు, ఆనిందంటే అదురు ఆ దారిన వెళ్లిపోతుంది.

దీంతో కిట్ 8 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. స్టూలు నేను వెనక నేల మీదే మ్యాట్ వేసి పెట్టుకున్నాను, అందుకని స్టూలు కూడా అంతే పైకి లేపాలి. మొదటి రోజు అది మర్చిపోయి మోకాళ్లు ఎత్తుకుని వాయించాను. బంతులు కొత్తవే కావాలని లేదు గానీ నొక్కితే మెత్తగా అణిగిపోయేవి వద్దు. పలక వేశాక మళ్లీ పిన్నిగారి హాల్లో కూర్చుని విన్నాను. చెవి పెట్టి వింటే గానీ తెలియలేదు. గ్లాసులు మోగలేదు. అయినా రాత్రి తొమ్మిది దాటాక కిక్ తొక్కనని ఆవిడకి మాటిచ్చాను, ఇప్పటికీ తప్పలేదు.

హైహ్యాట్ పెడల్

ఎక్కువమంది చూడకుండా కొనేసేది ఇదే. చవక కిట్లలో హైహ్యాట్ అంటే ఒక రబ్బరు ప్యాడూ, విడిగా ఒక పెడలూ. కొన్ని పెడల్స్ స్విచ్‌లా పనిచేస్తాయి: తొక్కితే మూత, వదిలితే తెరుచుకోవడం, మధ్యలో ఏమీ ఉండదు. మన పాటల్లో 6/8 (ఆరేసి దెబ్బల లెక్కలో సాగే) నడకకి ప్రాణం ఆ మధ్యలోనే ఉంది. పాదం కొంచెం వదిలి 'చ్స్' అనిపించి మళ్లీ నొక్కే చోట పాట ఊగుతుంది. తీన్మార్ బీటు వాయిస్తూ హైహ్యాట్ తెరిచి మూయలేకపోతే డ్రమ్మర్ చేతులు కట్టేసినట్టే.

షాపులో ఇలా చూడండి. పెడల్ పూర్తిగా తొక్కి ప్యాడ్ కొడుతూ ఉండండి, చెయ్యి ఆపకుండా పాదాన్ని నెమ్మదిగా వదలండి. సౌండ్ మెట్లుమెట్లుగానైనా మారుతూ తెరుచుకోవాలి. 'టిక్ టిక్ టిక్' నుంచి ఒక్కసారిగా 'జ్షాఁ'కి దూకితే అది స్విచ్. తర్వాత చేత్తో కొట్టకుండా ఒట్టి పెడల్ తొక్కండి, 'చిక్' అని వినిపించాలి. పెడల్ వేగంగా తొక్కితే కొన్నిట్లో రెండు మూడు సార్లకి ఒకటి మింగేస్తుంది. అది ఇంటికొచ్చాక అలవాటవుతుందని అనుకోవద్దు, అవ్వదు.

స్నేర్, మిగతా ప్యాడ్లు

రబ్బరా, మెషా అని అందరూ అడుగుతారు. మెష్ అంటే వలలా అల్లిన తలం, డ్రమ్ కీతో బిగించుకోవచ్చు. 1997లో రోలాండ్ వాళ్లు వీ-డ్రమ్స్‌తో దీన్ని తెచ్చినప్పుడు అది పెద్దవాళ్లకే అందే వస్తువు, ఇప్పుడు మన బడ్జెట్‌లోకి దిగింది. రబ్బరు మీద స్టిక్ గట్టిగా టక్కుమంటుంది, గంట వాయిస్తే మణికట్టుకి తెలుస్తుంది. మెష్ మెత్తగా ఉంటుంది, చప్పుడు తక్కువ. స్నేర్ వరకైనా మెష్ ఉంటే మంచిది, టామ్స్ రబ్బరైనా సర్దుకోవచ్చు. ఒక హెచ్చరిక: మెష్ మీద స్టిక్ అసలు డ్రమ్ కంటే ఎక్కువ ఎగురుతుంది. రోల్స్ (వేగంగా వరుస దెబ్బలు) సులువుగా వచ్చేస్తున్నాయని సంబరపడకుండా కొంచెం వదులుగా బిగించుకోండి.

నైట్రో మెష్‌లో స్నేర్ 8 అంగుళాలు, నైట్రో మ్యాక్స్‌లో 10. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది గానీ పాట మధ్యలో చూడకుండా చెయ్యి వేసినప్పుడు ఆ రెండు అంగుళాల విలువ తెలుస్తుంది. స్నేర్‌కి అంచు మీద విడిగా సౌండ్ వస్తుందో లేదో చూడండి. మెలొడీలకి అంచు మీద 'టక్' అని పెట్టే రిమ్ దెబ్బ లేకుండా ఆదివారం మా తమ్ముడు ఒక్క పాట కూడా ఎత్తుకోడు.

ప్యాడ్ కింద ఉండేది పియెజో అనే చిన్న బిళ్ల. అదురుని కరెంటు సంకేతంగా మార్చి మాడ్యూల్‌కి పంపుతుంది. చవక, ఖరీదు కిట్ల మధ్య తేడా చాలావరకు ఈ సంకేతాన్ని మాడ్యూల్ ఎంత బాగా చదువుతుందన్న దాంట్లోనే. అందుకే షాపులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్నేర్ మీద మీ చేతనైనంత నెమ్మదిగా కొట్టడం మొదలుపెట్టి, ఇరవై ముప్పై దెబ్బల్లో గట్టి దెబ్బ దాకా పెంచుకుంటూ వెళ్లండి. మొదటి మెత్తటి దెబ్బలు వినపడాలి. సౌండ్ సాఫీగా పెరగాలి. తర్వాత ఒకే చోట వేగంగా రోల్ వేయండి, ప్రతి దెబ్బా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అది డ్రమ్‌లా ఉండదు, మిషన్‌లా ఉంటుంది. చివరగా పెద్ద టామ్ గట్టిగా కొట్టి, మీరు ముట్టుకోని క్రాష్ (పెద్ద తాళం లాంటి సింబల్) గానీ వేరే టామ్ గానీ దానంతటదే మోగుతుందేమో వినండి. మోగితే వెంటనే వద్దనుకోకండి. మాడ్యూల్ సెట్టింగ్స్‌లో క్రాస్‌టాక్ (ఒక ప్యాడ్ అదురుకి ఇంకోటి మోగకుండా చూసేది), థ్రెషోల్డ్ (ఎంత మెత్తటి దెబ్బ నుంచి పలకాలో చెప్పేది) అని ఉంటాయి, అవి సర్దితే చాలాసార్లు పోతుంది. సర్దినా పోకపోతే వదిలేయండి. క్రాష్ కొట్టి అంచు వేళ్లతో పట్టుకుంటే సౌండ్ ఆగాలి, అది కూడా చూసుకోండి.

షాపతను తొందరపెడితే మొహమాటపడకండి. అరగంట కూర్చోనివ్వని చోట ఇన్ని వేలు పెట్టనక్కర్లేదు.

మాడ్యూల్

డీటీఎక్స్402 మాడ్యూల్లో ఉండేవి 10 కిట్లు, అంటే సౌండ్ల సెట్లు. నైట్రో మెష్‌లో 40. ఈ అంకెలు చూసి ఎంచుకోవద్దు. నేను మూడేళ్లలో వాడినవి రెండే, ఒకటి మామూలు రాక్ కిట్, ఇంకొకటి మెలొడీలకి. మాడ్యూల్ వెనక ఉన్న రంధ్రాలు చూడండి. హెడ్‌ఫోన్స్‌కి ఒకటి, ఫోన్లో పాట పెట్టి దానితో పాటు వాయించడానికి ఆక్స్ ఇన్, అన్ని వాద్యాల సౌండ్లనీ కలిపే మిక్సర్‌కి వెళ్లడానికి లైన్ అవుట్, కంప్యూటర్‌కి యూఎస్‌బీ. ఈ నాలుగూ ఉంటే చాలు.

యూఎస్‌బీ ఉంటే మాడ్యూల్లోని సౌండ్లు నచ్చకపోయినా దిగులు లేదు. లాప్‌టాప్‌లో ఎంటీ పవర్ డ్రమ్ కిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఇవే ప్యాడ్లతో చాలా మంచి డ్రమ్ సౌండ్ వస్తుంది. విండోస్‌లో సౌండ్ ఆలస్యాన్ని తగ్గించే ఆసియో డ్రైవర్ లేకుండా చేస్తే కొట్టాక కాసేపటికి వినిపిస్తుంది, అప్పుడు కిట్‌ని తిట్టుకోకండి.

ముగ్గురూ కలిసి వాయించడం

ఒక్కరే వాయించుకునే కిట్‌కీ జామింగ్‌కీ అసలు తేడా ఇక్కడే. మీ డ్రమ్స్ మీ చెవుల్లోనే ఉంటే పక్కన గిటార్ వాడికి వినపడేది టపటపే. రెండు దారులున్నాయి.

స్పీకర్ పెట్టుకోవడం ఒకటి. కీబోర్డు ఆంప్ గానీ సభల్లో పెట్టే రకం చిన్న పీఏ స్పీకర్ గానీ పనికొస్తుంది. గిటార్ ఆంప్‌లో పెట్టొద్దు, దాని స్పీకర్ కిక్ బరువునీ సింబల్ మెరుపునీ రెంటినీ మింగేస్తుంది. హోమ్ థియేటర్ కూడా వద్దు, ఒక్క గట్టి కిక్‌కి కోన్ పోయే ప్రమాదం ఉంది.

అపార్ట్‌మెంట్‌లో మేము చేసేది రెండోది, అందరం హెడ్‌ఫోన్స్‌లోకి. డ్రమ్ మాడ్యూల్ లైన్ అవుట్, కీబోర్డు లైన్ అవుట్, గిటార్ ప్రాసెసర్ అవుట్ మూడూ ఒక చిన్న మిక్సర్‌లోకి వెళ్తాయి. మిక్సర్ నుంచి బెరింజర్ హెచ్ఏ400 లాంటి నాలుగు దారుల హెడ్‌ఫోన్ ఆంప్‌కి. అక్కడినుంచి ఒక్కొక్కరికి ఒక్కో వైరు, ఎవరి వాల్యూమ్ వాళ్ల చేతిలో. గదిలోకి వచ్చిన మా అమ్మకి కనిపించేది తలలూపుతున్న ముగ్గురు, వినిపించేది గిటార్ తీగల సన్నటి గీకుడు, నా టపటప. మా చెవుల్లో మాత్రం పూర్తి బ్యాండ్. మొదటిసారి అలా వాయించిన రోజు పాట అయ్యాక ముగ్గురం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దే వద్దు. వాటిలో సౌండ్ చాలావరకు 100 మిల్లీసెకన్ల పైనే ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటులో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. అంటే మీరు కొట్టిన దెబ్బ దాదాపు తర్వాతి నోటు చోట వినిపిస్తుంది. ఎంత తాళజ్ఞానం ఉన్నా అలా వాయించలేరు. నైట్రో మ్యాక్స్‌లో బ్లూటూత్ ఉంది కదా అంటారేమో, అది ఫోన్లోని పాటని మాడ్యూల్‌లోకి తెచ్చుకోవడానికి, హెడ్‌ఫోన్స్‌కి కాదు. వైరున్నవి, చెవులు పూర్తిగా మూసేవి కొనండి. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ లాంటివి సరిపోతాయి. వాల్యూమ్ సగం దాటనివ్వకండి, కిక్ హోరులో ఎంత పెంచామో తెలియదు.

పాతది కొంటే

నా మొదటి కిట్ సెకండ్ హ్యాండే, రబ్బరు ప్యాడ్లు, బీటర్ లేని పెడల్, 14 వేలు. అందుకే ఆ రోజుల్లో పిన్నిగారికి నా సంగతి తెలియనే లేదు. ఇంటికి తెచ్చి బిగిస్తే రెండో టామ్ పలకలేదు. అమ్మినతను ఫోన్ ఎత్తలేదు. ఆ రాత్రంతా టెన్షన్‌తో ప్యాడ్ విప్పి చూశాను, బిళ్ల బాగానే ఉంది. పొద్దున్నే పలికే టామ్ వైరు పీకి పలకని దానికి పెడితే పలికింది. పోయింది వైరు మాత్రమే.

మీరు ఆ పని అమ్మేవాళ్ల ఇంట్లోనే చేయండి. ప్రతి ప్యాడూ కొట్టండి, పలకకపోతే వైర్లు మార్చి చూడండి. నైట్రో మెష్ లాంటి వాటిలో వైర్లన్నీ ఒకే లావుపాటి ప్లగ్‌తో మాడ్యూల్‌కి వెళ్తాయి, ఆ ప్లగ్‌లో సూదులు వంగాయేమో ఫోన్ లైటు వేసి చూడండి. వాయిస్తూ వైరు కట్టని మెల్లగా కదిపి, సౌండ్ తెగుతుందేమో వినండి. అడాప్టర్ దానితో వచ్చిందేనా, వోల్టేజీ మాడ్యూల్ మీద రాసిన దానితో కలుస్తుందా చూసుకోండి. ప్యాడ్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, మాడ్యూల్ పోతే కిట్ మొత్తం పోయినట్టే. హైహ్యాట్ పెడల్ పరీక్ష ఇక్కడ కూడా చేయాలి, పాత కిట్లలో ముందుగా అరిగేది అదే.

కొత్తది కొన్నవాళ్లు వారంటీ అయ్యేదాకా పెట్టె, లోపలి థర్మాకోల్ అటక మీద దాచండి. ర్యాకు బిగించాక ప్రతి బిగింపు దగ్గరా మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి. ఇల్లు మారినప్పుడు నేను ఆ గీతలు చూసుకుని ఇరవై నిమిషాల్లో మళ్లీ నిలబెట్టాను, ప్యాడ్లు నా చేతులకి అలవాటైన చోటే ఉన్నాయి.